సొంతంగా కూర్చుకునే కంప్యూటర్: విడిభాగాల ఎంపిక

డెస్క్‌టాప్ కంప్యూటర్ ఏడెనిమిది విడిభాగాల కూర్పు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ అని పిలిచే పవర్ సప్లై, వీటన్నిటినీ మోసే క్యాబినెట్ తప్పనిసరిగా ఉండాలి. గ్రాఫిక్స్ కార్డు మాత్రం పనినిబట్టి. ఒక్కో భాగం ఒక్కో కంపెనీది అయినా అన్నీ కలిసి పనిచేస్తాయి. ఈ వెసులుబాటుకు మూలం 1981 ఆగస్టులో ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్. ఇంటెల్ 8088 ప్రాసెసర్‌తో వచ్చిన ఆ యంత్రం లోపలి వివరాలను ఐబీఎం దాచుకోలేదు. దాంతో బయటి కంపెనీలు మొదట దానికి సరిపడే కార్డులు, ఆ తర్వాత ఏకంగా అలాంటి కంప్యూటర్లే తయారుచేయడం మొదలుపెట్టాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల ప్రమాణం తెచ్చింది. మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని, మరలు బిగించే రంధ్రాలు ఫలానా చోట ఉండాలని, పవర్ సప్లై ఆకారం ఇలా ఉండాలని అందులో రాసి ఉంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో ఒక కొట్లో బోర్డు, ఇంకో కొట్లో క్యాబినెట్ కొన్నా మర సరిగ్గా రంధ్రంలో కూర్చుంటోందంటే అది ఆ కొలతల చలవే.

అయితే మరలు కుదిరినంత మాత్రాన భాగాలు కుదిరినట్టు కాదు. ఏ భాగానికాభాగం మేలైనదే అయినా, పక్క భాగంతో పొత్తు కుదరకపోతే పెట్టిన డబ్బు పనికి రాదు. కొన్నిసార్లు కంప్యూటర్ అసలు మొదలే కాదు. కొత్తగా కూర్చుకునేవారు చూడాల్సింది ముఖ్యంగా ఈ పొత్తునే.

ఎంపిక మొదలవ్వాల్సింది చెయ్యబోయే పని దగ్గర. దుకాణంలో మాట మాత్రం ఎప్పుడూ ‘ఐ ఫైవా, ఐ సెవెనా’ అన్నచోటే మొదలవుతుంది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్ళిపత్రికలు, పుస్తకాలు కూర్చే డీటీపీ కేంద్రాన్ని తీసుకుంటే, పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. ఎంత పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టినా దానికి ఒరిగేదేమీ ఉండదు. ఆ డబ్బు రెండు పేజీలు పక్కపక్కన కనిపించే మంచి మానిటర్ మీద పెడితే రోజంతా తెర చూసే కళ్ళకైనా మేలు. ఇంజనీరింగ్ విద్యార్థి కోడింగ్‌కు, ఆన్‌లైన్ పాఠాలకు ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ ముఖ్యం. ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి నడిపితే 32 జీబీ ఉన్నా దండగ కాదు. వీడియో ఎడిటింగ్, పెద్ద గేములు అంటే లెక్కే వేరు, అక్కడ గ్రాఫిక్స్ కార్డుదే సింహభాగం. పిండి కొద్దీ రొట్టె కాబట్టి మొత్తం సొమ్ము ముందు ఖాయం చేసుకోవాలి. అందులోంచి మానిటర్, కీబోర్డు, మౌసు, యూపీఎస్‌లకు కావాల్సింది మొదటే పక్కన పెట్టాలి. పెట్టెలోకి వెళ్ళే సామానంతా కొన్నాక మానిటర్ గుర్తుకురావడం, అప్పుడు ఏదో ఒకటి చవగ్గా కొనేసి సరిపెట్టుకోవడం తరచుగా జరిగేదే.

డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎంచుకోవడానికి ఉన్నవి ప్రధానంగా రెండు కంపెనీలు, ఇంటెల్, ఏఎండీ. ఏది కొన్నా పెట్టె మీది అంకెలు చదవడం వస్తే సగం పని అయినట్టే. ఐ5-12400ఎఫ్ అన్న పేరులో 5 అన్నది కంపెనీ ఇచ్చిన స్థాయి, 12 అన్నది తరం, 400 అన్నది ఆ తరంలో దాని వరస. చివరి ఎఫ్ అక్షరం సంగతి తర్వాత. స్థాయి కన్నా తరం ఎక్కువ చెబుతుంది. సెకండ్‌హ్యాండ్ సరుకు అమ్మేచోట ‘ఐ సెవెన్ సిస్టమ్’ అని చవగ్గా ఇచ్చే పెట్టెలో ఉన్నది 2012లో వచ్చిన ఐ7-3770 కావచ్చు. దానికి 4 కోర్లు, 8 థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100కూ అవే 4 కోర్లు, 8 థ్రెడ్లు. కానీ ఆ పదేళ్ళలో ఒక్కో కోరు చేయగల పని బాగా పెరిగింది కాబట్టి ఈ ఐ3 ఆ ఐ7ను సునాయాసంగా దాటేస్తుంది. పైగా విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు 8వ తరం నుంచి మొదలవుతాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆ లెక్కన చవగ్గా వచ్చిన ఐ7 ఖరీదైన బేరమే.

ఇక ఎఫ్ అక్షరం. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ భాగం అందులో ఉండదని అర్థం. ధర కాస్త తక్కువని దాన్ని కొని, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనకపోతే, ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది. మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా దానికి బొమ్మ పంపేవాడే లోపల లేడు. ఏఎండీలో గుర్తు వేరు. రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, 5600జిలో ఉంది. ఆ తర్వాత వచ్చిన 7600 లాంటి వాటిలో తెర చూపించేందుకు సరిపడా చిన్న గ్రాఫిక్స్ ఉంది, 7500ఎఫ్‌లో తీసేశారు. గ్రాఫిక్స్ కార్డు జోలికి పోకుండా ఇంటి పనులు, చదువు, అప్పుడప్పుడూ చిన్న గేములు అనుకునేవారికి 5600జి తరహా ప్రాసెసర్ చక్కగా సరిపోతుంది. కాకపోతే దానికో పరిమితి ఉంది. కార్డులు, ఎస్‌ఎస్‌డీలు ప్రాసెసర్‌తో మాట్లాడే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో అది మూడో తరం వేగం దాకానే వెళ్తుంది. దాని పక్కన నాలుగో తరం ఎస్‌ఎస్‌డీ పెడితే పనిచేస్తుంది గానీ పై వేగానికి పెట్టిన డబ్బు వృథా.

ప్రాసెసర్ కూర్చునే చోటు సాకెట్. మదర్‌బోర్డును దీన్నిబట్టే ఎంచుకోవాలి. ఏఎండీ ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది, ఏఎం5 2022లో వచ్చింది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ 12, 13, 14 తరాలకు పనికొస్తుంది. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 ప్రాసెసర్లకు ఎల్‌జీఏ 1851 కావాలి. ఒకదాని ప్రాసెసర్ ఇంకోదాంట్లో పట్టదు. ఏఎండీ ఒకే సాకెట్‌ను ఏళ్ళ తరబడి కొనసాగించింది కాబట్టి మూడు నాలుగేళ్ళ తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవారు ఏఎం5 వైపు మొగ్గడం తెలివైన పని. ఉన్న డబ్బుతో ఇప్పటికి పని గడవాలి, తర్వాత మార్చే ఉద్దేశం లేదు అనుకుంటే ఏఎం4లో తప్పేమీ లేదు.

సాకెట్ కలిసినా ఒక పేచీ మిగిలి ఉంటుంది. 2018లో వచ్చిన బి450 బోర్డులో ఏఎం4 సాకెట్టే ఉంది. కానీ బోర్డులో ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే బయోస్ అనే ప్రోగ్రాము పాతదైతే 2020 నుంచి వచ్చిన 5000 వరస ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. బయోస్ మార్చాలంటే కంప్యూటర్ నడవాలి, నడవాలంటే గుర్తుపట్టే ప్రాసెసర్ కావాలి. కొన్ని బోర్డుల వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అనే మీట ఉంటుంది, దానితో ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించవచ్చు. అది లేని బోర్డయితే కొనేచోటే అప్‌డేట్ చేయించుకోవాలి. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ కావాలో పట్టిక ఉంటుంది. కొనడానికి ముందు అది చూడటం ఐదు నిమిషాల పని.

బోర్డుల్లో హెచ్610, బి760, జడ్790 అనీ, ఏ520, బి550, ఎక్స్570 అనీ కనిపించేవి చిప్‌సెట్ పేర్లు. ఎన్ని ర్యామ్ స్లాట్లు, ఎన్ని ఎస్‌ఎస్‌డీలు, ఎన్ని యూఎస్‌బీ పోర్టులు అన్నది చాలావరకు వీటిమీద ఆధారపడుతుంది. హెచ్610లో ర్యామ్ స్లాట్లు రెండే, ర్యామ్ వేగాన్ని పెంచుకునే వీలూ లేదు. ప్రాసెసర్‌ను దాని హద్దు దాటించి నడిపే ఓవర్‌క్లాకింగ్ సరదా లేనివారు జడ్, ఎక్స్ వరసల కోసం ఎక్కువ పెట్టనక్కర్లేదు. మొదటి కంప్యూటర్‌కు బి వరస బోర్డు నిక్షేపంలా ఉంటుంది.

ర్యామ్‌లో ఇప్పుడు అమ్మకంలో ఉన్నవి డీడీఆర్4, డీడీఆర్5. చూడటానికి ఒకేలా ఉన్నా కింది అంచులోని గాటు చోటు మారుతుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు. ఏఎం4కు డీడీఆర్4, ఏఎం5కూ ఎల్‌జీఏ 1851కూ డీడీఆర్5. ఎల్‌జీఏ 1700 బోర్డులు రెండు రకాలూ ఉన్నాయి, పెట్టె మీద చూసి తీరాలి. 16 జీబీ కావాలంటే ఒకే 16 కన్నా 8 జీబీవి రెండు కొనడం మంచిది. డీడీఆర్4 3200 స్టిక్కు ఒక్కటి సెకనుకు 25.6 జీబీ అందిస్తే, జంటగా పెట్టినవి 51.2 జీబీ అందిస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో బొమ్మ గీసే పని కూడా ఈ ర్యామ్ మీదే నడుస్తుంది. అందుకే 5600జి లాంటి దానికి ఒకే స్టిక్కు పెడితే గేముల్లో తేడా కంటికి కనిపిస్తుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెంటినీ పక్కపక్కన పెట్టకూడదు. మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. రంగు లైట్ల ర్యామ్ గురించి ఒక్క మాట, ఆ లైట్లు ఆర్పేసినా ర్యామ్ అంతే వేగంగా పనిచేస్తుంది. ర్యామ్ ధర ఎప్పుడూ ఒక్కచోట నిలవదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ఒక్కసారిగా ఎగబాకింది. కాబట్టి పాత ధరల పట్టికతో బడ్జెట్ వేస్తే తడిసి మోపెడవుతుంది.

నిల్వ విషయం తేలిక. విండోస్, ప్రోగ్రాములు ఉండటానికి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుతో బోర్డు మీదే పడుకునే పలక, 500 జీబీయో 1 టీబీయో చాలు. సాటా తీగతో తగిలించే ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. మూడో తరం ఎన్‌వీఎంఈ 3,500 దాకా, నాలుగో తరం 7,000 దాకా వెళ్తాయి. రోజువారీ వాడకంలో మూడుకూ నాలుగుకూ తేడా తెలియదు. పెళ్ళి వీడియోలు, సినిమాలు దాచుకోవడానికి మాత్రం హార్డ్‌డిస్కుకు ఇంకా కాలం చెల్లలేదు.

గ్రాఫిక్స్ కార్డు అవసరమైనవారికి మొత్తం ఖర్చులో మూడో వంతు నుంచి సగం దాకా దానికే పోతుంది. ముందు మానిటర్ చూడాలి. 1920 బై 1080 ఫుల్ హెచ్‌డీ తెరకు 8 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4060 స్థాయి కార్డు సరిపోతుంది. 4కె తెరకు అది చాలదు. కార్డు పొడవు కొలిచి క్యాబినెట్‌లో పడుతుందో లేదో చూసుకోవాలి, మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని 300 మిల్లీమీటర్లు దాటేస్తాయి. సెకండ్‌హ్యాండ్ కార్డు విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారాక, అంతవరకు రాత్రింబవళ్ళు క్రిప్టో మైనింగ్‌లో నలిగిన కార్డులు పెద్ద ఎత్తున మార్కెట్‌లోకి వచ్చాయి. అవన్నీ పాడైపోయాయని కాదు గానీ, ఫ్యాన్లు అరిగిన కార్డు పైకి కొత్తదానిలాగే మెరుస్తుంది. కళ్ళెదుట గేము నడిపించి చూడకుండా కొనకూడదు.

అందరూ చివరికి చూసేది, అసలు ముందు చూడాల్సింది ఎస్‌ఎంపీఎస్. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు దించి అన్ని భాగాలకూ పంచేది ఇదే. అది చెడిపోతే ఒక్కటే పోదు, కొన్నిసార్లు బోర్డునూ ఎస్‌ఎస్‌డీనీ వెంట తీసుకుపోతుంది. చవక క్యాబినెట్‌లకు ‘ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ’ అని తగిలించి ఇచ్చేవాటిని నమ్మి చేయి కాల్చుకున్నవారు కొల్లలు. మంచిచెడ్డలు తెలుసుకోవడానికి దాని పక్కన అంటించిన కాగితం చదివితే చాలు. పైన పెద్ద అక్షరాల్లో 450 అని ఉంటుంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడి వెతకాలి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే, 12తో గుణిస్తే వచ్చేది 216 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది దాదాపు అంతా ఈ 12 వోల్టుల గీత నుంచే. అంటే 450 అన్న అంకె అలంకారమే, పని జరిగేది 216 మీద. పేరున్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో అదే గడిలో 40 ఆంపియర్లకు అటూఇటూగా కనిపిస్తుంది.

ఎన్ని వాట్లు కావాలన్నది కూడికతో తేలుతుంది. రైజెన్ 5 5600కు ఏఎండీ చెప్పిన అంకె 65 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060కి 115. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కులకు ఇంకో 50, 60 వేసుకున్నా మొత్తం 250 దాటదు. క్షణకాలం పెరిగే వాడకానికి, రేపు పెద్ద కార్డు పెట్టుకోవడానికి చోటు వదిలి 550 వాట్లు తీసుకుంటే నిశ్చింత. 1,000 వాట్లది కొనడం అనవసరం. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే ముద్రలు కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతాయి. రక్షణ ఏర్పాట్ల నాణ్యతకు అవి పూర్తి హామీ కావు. ఆ సంగతికి వారంటీ ఎన్నేళ్ళు ఇస్తున్నారన్నది మెరుగైన గుర్తు.

ఎర్తింగ్ లేని ఇళ్ళలో క్యాబినెట్ ఇనుప అంచును చేత్తో తాకితే సన్నగా షాక్ కొడుతుంది. వట్టికాళ్ళతో గచ్చు మీద నిలబడితే ఇంకా బాగా తెలుస్తుంది. సరుకు చెడిందని దుకాణానికి మోసుకెళ్తే అక్కడ అంతా సవ్యంగానే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు రొదను వడగట్టే చిన్న కెపాసిటర్లు బయటి లోహపు డబ్బాకు కలిసి ఉంటాయి, వాటిద్వారా కారే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోకి పోవాలి. మూడో పిన్ను ఖాళీగా ఉన్నా, మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించినా ఆ కరెంటుకు దారి లేక తాకిన మనిషిలోంచి పోతుంది. కంప్యూటర్ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ గది ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో చూపించడం ఖర్చులేని జాగ్రత్త.

యూపీఎస్ కొనేటప్పుడు వీఏ అంకెను వాట్లు అనుకోకూడదు. 600 వీఏ అని రాసిన చిన్న యూపీఎస్‌లు చాలావాటి అసలు సామర్థ్యం 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు అది హాయిగా సరిపోతుంది. కార్డుంటే వాట్లు కూడి చూసి పెద్దది తీసుకోవాలి. ఫైళ్ళు సేవ్ చేసి ఆపుకునేందుకు ఐదు పది నిమిషాలు ఇస్తే యూపీఎస్ పని అయిపోయినట్టే.

క్యాబినెట్‌లో అందం కన్నా గాలి ముఖ్యం. ముందువైపు మొత్తం అద్దంతో మూసినవి చూడముచ్చటగా ఉంటాయి, కానీ రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో గది వేడే 40 దాటినప్పుడు లోపలి వేడికి బయటికి దారి ఉండదు. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ముందు జల్లెడ తలుపు, లోపలికి గాలి లాగే ఫ్యాన్లు రెండు, వెనక బయటికి తోసే ఫ్యాన్ ఒకటి ఉంటే చాలు. విప్పి కడుక్కునే దుమ్ము వలలు ఉన్నాయేమో చూడాలి. ఫ్యాను గాలికి లేచే ఇంటి దుమ్ము నెలల్లోనే పేరుకుంటుంది.

కొనేటప్పుడు ప్రతి వస్తువు సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోవాలి. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందన్న ఆశ చూపిస్తారు, ఆ మిగులుతో పాటు వారంటీ కూడా పోతుంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు పెట్టెతో కొంటే కంపెనీ వారంటీ 3 ఏళ్ళు. పెట్టె లేకుండా అమ్మే ట్రే ప్రాసెసర్‌కు పూచీ అమ్మినవాడిదే. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో తెప్పించుకున్న గ్రాఫిక్స్ కార్డు చవగ్గా పడవచ్చు గానీ, ఆ కంపెనీ భారత్‌లో దాన్ని బాగుచేసి ఇస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

బిగించేటప్పుడు తొందర పనికిరాని చోటు సాకెట్ ఒక్కటే. ఏఎం4 ప్రాసెసర్ అడుగున 1,331 సన్నని పిన్నులుంటాయి. ఏఎం5లో, ఇంటెల్‌లో పిన్నులు బోర్డు వైపు ఉంటాయి. ప్రాసెసర్ మూలన ముద్రించిన చిన్న త్రికోణాన్ని సాకెట్ మూల మీది త్రికోణానికి సరిపెట్టి, పక్కనున్న మీట పైకెత్తి, చేత్తో నొక్కకుండా వదిలితే ఏఎం4 ప్రాసెసర్ తన బరువుకే దిగుతుంది. దిగలేదంటే తిప్పి పెట్టారనో, పిన్ను వంగిందనో లెక్క.

అన్నీ క్యాబినెట్‌లోకి ఎక్కించకముందే బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్, దాన్ని చల్లబరిచే కూలర్, ఒక ర్యామ్ స్టిక్కు, ఎస్‌ఎంపీఎస్ తగిలించి ఒకసారి వెలిగించి చూస్తే, ఏ భాగంలో లోపముందో తేలిగ్గా దొరుకుతుంది. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే ఆ పరీక్షకు కార్డు కూడా పెట్టాలి. కార్డు ఉన్న కంప్యూటర్‌కు మానిటర్ తీగ కార్డుకే తగిలించాలి, బోర్డుకు కాదు. మొదటిసారి బయోస్‌లోకి వెళ్ళినప్పుడు 3200 అని కొన్న ర్యామ్ 2400 మీదో 2666 మీదో నడుస్తూ కనిపించవచ్చు. అక్కడ ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో అన్న సెట్టింగును ఆన్ చేస్తేనే అది కొన్న వేగానికి వస్తుంది. ఆ తర్వాత ప్రతి యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి, హెడ్‌ఫోన్ రంధ్రాలు, నెట్ తీగ, రెండో ర్యామ్ స్లాటు అన్నీ దుకాణం వెనక్కు తీసుకునే గడువులోపలే చూసుకోవాలి. గడువు దాటితే వస్తువు మార్చి ఇవ్వరు, సర్వీస్ సెంటర్‌కు పంపి బాగుచేయించి తెచ్చుకోమంటారు.